తాళం వేసినా నకలు తప్పదు



పిల్లల ఆధార్, మార్కుల మెమోలు, మీ బ్యాంకు కాగితాలు ఇప్పుడు ఇంటి కంప్యూటర్‌లోనే ఉంటున్నాయి. మాల్‌వేర్ వాటిని దొంగిలించవచ్చు, పనికిరాకుండానూ చేయవచ్చు.

దొంగతనానికి మందు ఎన్‌క్రిప్షన్. అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేనట్లు ఫైలును మార్చేయడం. విండోస్‌లోని బిట్‌లాకర్ ల్యాప్‌టాప్ పోయినప్పుడు కాపాడుతుంది. కానీ మీరు లాగిన్ అయ్యాక ఫైళ్లు మీకూ, మాల్‌వేర్‌కూ తెరిచే ఉంటాయి. అందుకే ముఖ్యమైన ఫైళ్లకు విడిగా పాస్‌వర్డ్ ఉండాలి.

అదొక్కటే చాలదు. 2017 మే నెలలో వానాక్రై అనే మాల్‌వేర్ ఫైళ్లకు తన తాళం వేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. మీరు తాళం వేసిన ఫైలు మీద కూడా అలాంటిది మరో తాళం వేయగలదు. అప్పుడు ఆదుకునేది నకలే.

ఈ ఆదివారం ఇలా చేయండి:

1. ఉచితంగా దొరికే సెవెన్-జిప్‌లో ఫైళ్లకు పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి. తెరిచి చూసుకున్నాకే విడి ఫైళ్లు తీసేయండి.
2. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో దాచండి. మరిచిపోతే ఫైలు మీకూ తెరుచుకోదు.
3. హార్డ్ డిస్క్‌లోకి నకలు తీసి, కేబుల్ ఊడదీయండి.
4. విండోస్ అప్‌డేట్‌లు వాయిదా వేయకండి. వానాక్రైని అడ్డుకునే అప్‌డేట్ రెండు నెలల ముందే వచ్చింది.

పక్కన పిల్లల్నీ కూర్చోబెట్టుకోండి. వాళ్లకూ ఇది పాఠమే.