గొర్రెపిల్ల తోకన ఉన్న ‘బి’

ఇంగ్లిష్‌లో గొర్రెపిల్లను ఎల్, ఏ, ఎం, బి అని రాసి ‘ల్యామ్’ అని చదువుతారు. చివరి ‘బి’ పలకరు. మరి రాసుడెందుకు? మన తెలుగులో ఈ పేచీ లేదు గదా!

మా అన్న డిగ్రీ అయినంక అమీర్‌పేటలో గది తీసుకొని ఒక స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు పోయిండు. అక్కడ ఏ మేడ చూసినా కోచింగ్ బోర్డులే. పాఠం చదవమంటే అన్న ఉన్నది ఉన్నట్టు ‘ల్యాంబ్’ అని చదివిండు. క్లాసంతా నవ్వింది. ‘ఏ అడవి నుంచి వచ్చినవ్’ అని ఒకడు అడిగిండట. నెల రోజులు అన్న అక్కడ నోరు తెరవలేదు. అందుకే ఈ మాట సంగతి వెతికి రాస్తున్నాను.

వెయ్యేళ్ల కింద ఇంగ్లండు వాళ్లు కూడా ‘బి’ని పలికేవారు. తర్వాత నోట్లోంచి అది జారిపోయింది, రాతలో మిగిలింది. జర్మన్లు రాతలోనూ తీసేసి ‘లామ్’ అని రాస్తారు. అంటే మా అన్న పలికిన ‘బి’ వాళ్ల తాతముత్తాతలు పలికిందే! దువ్వెనకు వాడే ‘కోమ్’ కథా ఇదే. బొటనవేలు ‘థమ్’లో మాత్రం మొదట ‘బి’ లేనే లేదు, తర్వాత వచ్చి చేరింది. పెద్ద గొర్రెను ‘లమ్మస్’ అనే ఫిన్లాండు వాళ్లు ఆ మాటను ఇంగ్లిష్, జర్మన్ భాషల పూర్వీకుల దగ్గరే అరువు తెచ్చుకున్నారు. (లంబాడీ అనే మాటకూ దీనికీ చుట్టరికం లేదు, ఎవరినీ వెక్కిరించకండి.)

ఇక అర్థాలు. ఏడాది లోపు పిల్లా, దాని మాంసమూ రెండూ ‘ల్యామ్’లే. గొర్రె ఈనడాన్నీ ఆ మాటతోనే చెప్తారు. నెమ్మదస్తుణ్ణి కూడా అట్లనే పిలుస్తారు. క్రైస్తవులు యేసుప్రభువును దేవుని గొర్రెపిల్ల అంటారు.

పెద్ద గొర్రె మాంసానికి మాత్రం పేరు వేరు, మటన్. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. వాళ్లది ఫ్రెంచి. ఆ ఫ్రెంచిలో గొర్రెకున్న పేరే ఇంగ్లిష్‌లో మాంసం పేరయింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే హోటళ్ల మీద ‘మటన్ బిర్యానీ’ కనిపిస్తుంది. మన దేశంలో మేకమాంసాన్నీ మటనే అంటాం. ఇంగ్లండు లెక్కన అది తప్పు. ఆ బోర్డు చదివి ఎవరూ నవ్వరు!

గొర్రెపిల్లను మీ ఇంట్లో ఏమంటారు? గోండీ, కోయ, లంబాడీ, ఏ భాషైనా సరే, ఈ కాగితం కింద రాయండి. జాగా వదిలిపెట్టాను.