రెండు తీగల మీద ముప్పై రెండు పరికరాలు

నెల్లూరు తీరంలో నేలటూరు థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. కృష్ణపట్నం చుట్టూ నూనె రిఫైనరీలు, ఇక తీరం పొడవునా వనామీ రొయ్యల చెరువులు. ఇలాంటి చోట్ల మీటర్లు, మోటారు డ్రైవ్‌లు, సెన్సర్ల రీడింగులు ఎన్నో ఇప్పటికీ సీరియల్ పోర్టు మీదుగానే కంప్యూటర్‌కు చేరుతుంటాయి. కాలేజీలో ఈ పాఠాన్ని పాతదని దాటేస్తుంటారు. ప్లాంటులో మాత్రం ఇది తెలిసినవాళ్ల కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

పాత సీరియల్ ప్రమాణం ఆర్ఎస్-232లో ఒక పోర్టుకు ఒకే పరికరం. 1983లో వచ్చిన ఆర్ఎస్-485 ఒక జత తీగల మీద 32 పరికరాలను కలుపుతుంది. వేగం తగ్గిస్తే 1,200 మీటర్ల దాకా పోతుంది. ఆ తీగల మీద పరికరాలు ఎక్కువగా మాట్లాడుకునే పద్ధతి మోడ్‌బస్. దీన్ని మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (యంత్రాలను నడిపే కంట్రోలర్ల) కోసం 1979లో తెచ్చింది. బడిలో హాజరు పిలిచినట్టే: మాస్టర్, అంటే అడిగే కంప్యూటర్, ఒక నంబరు పిలుస్తుంది, ఆ నంబరు పరికరమే పలుకుతుంది. ఒకే నంబరు రెండు మీటర్లకు ఇచ్చారో, రెండూ ఒకేసారి పలికి అంతా గందరగోళం.

ఇంటర్వ్యూకు పనికొచ్చే లెక్క ఒకటి. 9600 బాడ్ వేగంలో పది రిజిస్టర్లు (మీటరు తన కొలతలు ఉంచే గడులు) అడిగి జవాబు తెచ్చుకోవడానికి 33 బైట్లు, అంటే సుమారు 35 మిల్లీసెకన్లు. మీటరు ఆలోచించుకునే సమయం కలిపినా 30 మీటర్లు రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. కానీ ఒక్క మీటరు చచ్చి, టైమవుట్ సెకనుంటే, ప్రతి రౌండులోనూ ఆ సెకను దండగే. స్క్రీన్ నెమ్మదించిందంటే కంప్యూటర్‌ను తిట్టేముందు పలకని మీటరేదో చూడాలి.

మన తీరంలో అసలు శత్రువు ఉప్పుగాలి. టెర్మినళ్ల దగ్గర రాగికి చిలుము పడితే సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. సరిగ్గా అప్పుడే సెన్సర్ పలకకపోతే రైతు పంట ప్రమాదంలో పడినట్టే. అందుకే తగరపు పూత తీగ, నీరు చొరని పెట్టె వాడాలి. వైరింగ్ కొమ్మలుగా చీల్చకుండా ఒక పరికరం నుంచి ఇంకోదానికి గొలుసుగా పోవాలి. 120 ఓమ్‌ల రెసిస్టర్ రెండు చివర్లలోనే. ఇక ఆ రెండు తీగలకు పెట్టే ఎ, బి గుర్తులు కంపెనీకో తీరు. పలకకపోతే తిప్పి పెట్టి చూడండి, సిగ్గుపడక్కర్లేదు.

ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, డిప్లొమాలో ఈఈఈ, ఈసీఈ చదివినవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్, స్కాడా, కమిషనింగ్ అనే పేర్లతో ఉద్యోగాలు వెతకండి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్, ఐటీఐ వాళ్లను టెక్నీషియన్లుగా, డిప్లొమా వాళ్లను టెక్నికల్ అసిస్టెంట్లుగా తీసుకుంటుంది. ఆ నోటిఫికేషన్లూ గమనిస్తుండండి.

సాధనకు కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ కన్వర్టర్, 485 ఉన్న ఎనర్జీ మీటరు, ఉచితంగా దొరికే క్యూమోడ్‌మాస్టర్ సాఫ్ట్‌వేర్ చాలు. 230 వోల్టులు రావాల్సిన చోట అర్థంలేని అంకె వస్తే, రిజిస్టరు నంబరు ఒకటి అటూ ఇటూ అయిందేమో, రెండు రిజిస్టర్ల వరస తారుమారైందేమో చూడండి. రెజ్యూమెలో ‘మోడ్‌బస్ తెలుసు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ మీటరు చదివారో, ఏ తప్పు ఎలా పట్టుకున్నారో రాయండి.