పిల్లల కోసం ఎదురుచూస్తున్న దంపతులకు

ఎర్ర త్రికోణం గుర్తు కనిపించగానే "ఇది పిల్లలు వద్దనుకునేవాళ్ళకు, మనకెందుకు?" అని పక్కకు తప్పుకునే దంపతులు మన ఊళ్ళలో ఉన్నారు. వారిని తప్పు పట్టలేము. మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952 లో మొదలైంది. అప్పటినుండి ప్రచారమంతా ఆపరేషన్లు, లూపులు, నిరోధ్ గురించే ఎక్కువగా జరిగింది. కాని కుటుంబ నియంత్రణ అంటే వద్దనుకున్నప్పుడు ఆపుకోవడం ఒక్కటే కాదు, కావాలనుకున్నప్పుడు కనడం కూడా. పెండ్లయి ఏండ్లు గడిచినా కడుపు పండని దంపతులు కూడా ఆరోగ్య కేంద్రానికి రావలసినవారే. ఈ చిన్న పుస్తకం వారి కోసమే.

మేడారం జాతరకు పోయినవారు ఈ దృశ్యం చూసే ఉంటారు. కన్నెపల్లి నుండి సారలమ్మను తీసుకొని వచ్చేనాడు ఆ గుడి ముందు పిల్లలు లేని ఆడవారు తడిబట్టలతో నేలమీద వరుసగా పడుకుంటారు. పూజారి వారి మీదుగా దాటి నడిచిపోతారు. దీనినే వరం పట్టడం అంటారు. ఆ వరుసలో సంతానం కోసం పడుకున్న వారందరిదీ ఒకే బాధ. కాని లేచి కొంగు పిండుకొని ఎవరి దారిన వారు పోతారు. పక్కన పడుకున్న ఆమెది ఏ ఊరు, ఎన్నేండ్లనుండి చూస్తున్నది, ఏ దవాఖానకు పోయింది అని అడిగేవారు తక్కువ. మొక్కవద్దని మేము చెప్పడం లేదు. ఎవరి నమ్మకం వారిది. మొక్కులు మొక్కండి, కాళేశ్వరంలో గోదావరి స్నానం చేయండి. అదే చేత్తో పరీక్షలు కూడా చేయించుకోండి, పక్కనున్న ఆమెను పలకరించండి.

ఈ బాధ మీ ఒక్కరిదే అనుకోకండి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానం కలగక ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 లో తెలిపింది. మీ ఊళ్ళో కూడా ఉన్నారు. బయటకు చెప్పుకోరు, అంతే.

ఎన్నాళ్ళు చూడాలి?

ఆరోగ్యంగా ఉన్న నూరు జంటలు ఏ అడ్డూ లేకుండా కాపురం చేస్తే, ఏడాది తిరిగేసరికి 80 కి పైగా జంటలకు నెల తప్పుతుంది. మిగిలిన వారిలో దాదాపు సగం మందికి రెండో ఏడాదిలో నిలుస్తుంది. అందుచేత పెండ్లయిన మూడో నెలకే "ఏమన్న విశేషమా?" అని అడిగేవారి మాటకు బెదరకండి. అయితే ఏడాది దాటితే మాత్రం ఆలస్యం చేయకండి. ఆమెకు 35 ఏండ్లు దాటి ఉంటే ఆరు నెలలకే రండి. బహిష్టు రెండు మూడు నెలలకొకసారి అవుతున్నా, భర్తకు చిన్నప్పుడు వృషణం కిందికి దిగకపోయినా, ఏడాది దాకా ఆగే పని లేదు. ఇక పద్దెనిమిది నిండని పిల్ల విషయంలో ఈ లెక్కలేవీ పనికిరావు. ఆ వయసులో పెండ్లే నేరం. గర్భం వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

లెక్కపెట్టవలసింది పెండ్లయిన తేదీ నుండి కాదు, కలిసి ఉన్న రోజులను. భర్త దుబాయి పోయి రెండేండ్లకొకసారి నెల రోజులు వచ్చిపోతాడు. పెండ్లయి నాలుగేండ్లు, కలిసి ఉన్నది మొత్తం కూడితే కొన్ని నెలలే. ఇంట్లో వాళ్ళు మాత్రం "నాలుగేండ్లాయె, ఇంకా కాలేదు" అని కోడలిని అంటారు. భూపాలపల్లి బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టులు చేసేవారిలో కొందరి సంగతీ ఇంతే. ముందు ఈ లెక్క వేసుకోండి.

రోజులు కూడా తెలుసుకోవాలి. రాబోయే బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు స్త్రీలో అండం విడుదలవుతుంది. 28 రోజులకొకసారి అయ్యేవారికి, బహిష్టు మొదలైన రోజును ఒకటిగా లెక్కపెడితే, 14 వ రోజు దగ్గర. 32 రోజులకు అయ్యేవారికి 18 వ రోజు దగ్గర. అండం ఒక్క రోజే బతుకుతుంది. మగవారి వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతకగలవు. అందుచేత అండం విడుదలకు ముందు ఐదు రోజులు, ఆ రోజు – ఇవే మంచి రోజులు. ఆ రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొన మాదిరిగా జారుడుగా, సాగే తెలుపు కనిపిస్తుంది. అది జబ్బు కాదు, గుర్తు. రోజు విడిచి రోజు కలిస్తే చాలు. కేలండరు చూసి భయపడుతూ కలవనవసరం లేదు.

ఇంతకుముందు మాత్రలు వాడాం, లూపు వేయించుకున్నాం, అందుకే కావడం లేదని కొందరు బాధపడతారు. మాత్రలు మానితే, కాపర్ టీ తీయిస్తే గర్భం వచ్చే శక్తి త్వరలోనే తిరిగి వస్తుంది. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజక్షను విషయంలో మాత్రం చివరి సూది తరువాత ఏడు నుండి పది నెలల దాకా పట్టవచ్చు. అది ఆలస్యమే గాని నష్టం కాదు.

మగవారూ వినండి

పిల్లలు కాలేదంటే లోపం ఆడదానిదే అనడం మన దగ్గర పాత అలవాటు. గొడ్రాలు అనే మాట ఉన్నది, మగవానికి అలాంటి తిట్టు సులభంగా దొరకదు. శాస్త్రం వేరే చెప్తున్నది. కారణాలు వెదికితే దాదాపు మూడో వంతు ఆడవారి వైపు, మూడో వంతు మగవారి వైపు, మిగిలినవి ఇద్దరిలోనూ ఉన్నవి లేదా ఎంత వెదికినా దొరకనివి. భార్యను పది దవాఖానలు తిప్పి, ఎక్స్‌రేలు తీయించి, భర్త ఒక్క పరీక్షకు ఒప్పుకోని ఇండ్లు ఎన్నో ఉన్నాయి. అన్నిటికంటే సులభమైన పరీక్ష మగవారిదే. సూది లేదు, నొప్పి లేదు. రెండు నుండి ఏడు రోజులు భార్యతో కలవకుండా ఉండి, శుభ్రమైన డబ్బాలో వీర్యం పట్టి ఇవ్వాలి. ఒక మిల్లీలీటరులో 1 కోటి 60 లక్షల కణాలకు తక్కువ ఉంటే తక్కువ అంటారు. ఒక్కసారి తక్కువ వచ్చినంత మాత్రాన బెంగ వద్దు. జ్వరం వచ్చి తగ్గిన తరువాత కూడా తగ్గవచ్చు. మరొకసారి చేయించాలి.

వయసు వచ్చాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాయడం, వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం, సుఖవ్యాధులు, గుట్కా, బీడీ, ఎక్కువ తాగుడు, బలానికని వేయించుకునే హార్మోను సూదులు – ఇవన్నీ కణాలను దెబ్బతీస్తాయి. పత్తికి, మిరపకు మందు కొట్టేటప్పుడు ఒంటికి తగలకుండా నిండు బట్టలు కట్టుకోండి, రాగానే స్నానం చేయండి. కొత్త వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందుచేత ఈ రోజు గుట్కా మానితే ఫలితం మూడు నెలలకు కనిపిస్తుంది. వారానికే పరీక్ష చేయించి "మానినా లాభం లేదు" అనకండి.

మగతనం వేరు, కణాల సంఖ్య వేరు. కాపురం బాగున్న మగవానికి కూడా కణాలు తక్కువ ఉండవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో సంసారాలు చెడిపోతున్నాయి.

ఆడవారికి చేసే పరీక్షలు

రక్తం శాతం, చక్కెర, థైరాయిడ్, స్కానింగు. థైరాయిడ్ ఎక్కువ తక్కువ అయినా, అండాశయంలో నీటిబుడగలు ఉన్నా అండం సరిగా విడుదల కాదు. రెండింటికీ మందులున్నాయి. లావుగా ఉన్నవారు కొంచెం బరువు తగ్గితేనే బహిష్టు సక్రమం కావచ్చు. అవసరమైతే గర్భనాళాలు తెరుచుకొని ఉన్నాయా లేదా అని ఎక్స్‌రే తీస్తారు. మన దేశంలో నాళాలు మూసుకుపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. దగ్గు, జ్వరం ఏమీ లేకుండానే క్షయ గర్భసంచిలో ఉండవచ్చు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పరీక్షలు ఎట్లా ఉన్నా, గర్భం కోరుకునే ప్రతి స్త్రీ ముందునుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకోవాలి. దీనివల్ల బిడ్డకు వెన్నుపూస లోపాలు రాకుండా కాపాడుకోవచ్చు.

పసరు మందులకు, మగబిడ్డే పుడతాడని చెప్పి అమ్మే పొడులకు డబ్బు పోయకండి. బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి కణం వల్ల. దానిని మార్చే పొడి లేదు.

ముగ్గురు కలిస్తే

ఇక అసలు మాట. మందు కంటే ముందు ఈ దంపతులకు కావలసినది మాట్లాడే మనిషి. కాని పిల్లలున్న వదినెతో చెప్పుకోలేరు, తల్లితో చెప్తే ఏడుస్తుంది, అత్తతో చెప్పే పనే లేదు. అదే బాధ పడుతున్న మరొకరితో అయితే సగం మాట చెప్పగానే తెలిసిపోతుంది.

కలిసి కూర్చోవడం మన ఆడవారికి కొత్త కాదు. 1982 లో డ్వాక్రా పథకం వచ్చినప్పటినుండి ఊరూరా సంఘాలున్నాయి. పొదుపు కోసం పదిమంది కూర్చుంటున్నప్పుడు ఈ బాధ కోసం ముగ్గురు కూర్చోవచ్చు. అయితే సంఘం మీటింగులోనే ఈ సంగతి ఎత్తితే ఊరంతా పాకుతుంది. ఎవరు ఎదురుచూస్తున్నారో ఆశ కార్యకర్తకు తెలిసే ఉంటుంది. ఆమె ముందు ఒక్కొక్కరిని విడిగా అడిగి, సరేనన్న వారినే కలపాలి. ఒకే ఊరివారు కానక్కరలేదు. సూరారంలో ఒకరు, అంబట్‌పల్లిలో ఒకరు, గోదావరి అవతల సిరొంచ నుండి కోడలుగా వచ్చిన వారొకరు – ఇలా వేరు వేరు ఊళ్ళవారైతే గుట్టు ఇంకా బాగా నిలుస్తుంది. ఇంట్లో కాకుండా సబ్ సెంటరులో మధ్యాహ్నం పూట కూర్చోండి.

ఏం మాట్లాడుకుంటారు? నాళాల ఎక్స్‌రే తీయించుకున్న ఆమె ఎంత నొప్పి, ఎంతసేపు అని రెండో ఆమెకు చెప్తుంది. ఆ మాటతో సగం భయం పోతుంది. మహదేవపూర్ నుండి కాటారం, భూపాలపల్లి, పరకాల మీదుగా హనుమకొండ ప్రసూతి ఆసుపత్రికి పోవాలంటే రోజంతా పడుతుంది. రెండు జంటలు కలిసి పోతే ఒకరు చీటీ వరుసలో నిలబడవచ్చు, ఒకరు సంచి చూసుకోవచ్చు. డాక్టరు చెప్పినది ఒకరు మరిచిపోతే ఇంకొకరికి గుర్తుంటుంది. తిరుగు బస్సులో ఏడుపు వస్తే పక్కన మనిషి ఉంటుంది.

శ్రీమంతాలు, తొట్టెలలు వచ్చినప్పుడు కష్టం ఎక్కువ. పిలిస్తే గుండె బరువు, పిలవకపోతే అవమానం. పోవాలనిపిస్తే ఇద్దరు కలిసి పోండి. పోవాలని లేకపోతే మానండి, అది తప్పు కాదు. ఎవరైనా విశేషం అడిగితే జవాబు భర్త చెప్పాలి: "దవాఖానల ఇద్దరం చూపిచ్చుకుంటున్నం. ఉన్ననాడు మేమే చెప్తం." భర్త నోటి నుండి ఆ ఇద్దరం అనే మాట వస్తే భార్య మీది బరువు సగం దిగుతుంది.

మగవారికి మగవారే చెప్పాలి. నర్సమ్మ పదిసార్లు చెప్పినా కదలని మనిషి, తనలాంటివాడే "నేను ఇచ్చి వచ్చిన, ఏం కాదు" అంటే కదులుతాడు. కల్లు మండువ దగ్గర వద్దు. కలిసి బస్సులో పోయేనాడు చెప్పండి.

ఒక ఇబ్బంది ముందే తెలుసుకోండి. ముగ్గురిలో ఒకరికి ముందు నెల తప్పుతుంది. దిష్టి తగులుతుందని ఆమె దాస్తుంది, మిగిలినవారికి ఎవరి ద్వారానో తెలుస్తుంది. అప్పుడు వచ్చే కోపం, అసూయ సహజమే, అవి చెడ్డ మనసు గుర్తులు కావు. ఆమె ముందుగా తనవాళ్ళకే చెప్పడం మంచిది. విన్నవారు రెండు నెలలు రాకపోయినా ఆమె నొచ్చుకోకూడదు. గర్భం నిలవక పోయినా ఇదే చోటుకు తిరిగి రావచ్చు. ఇంకొక్క జాగ్రత్త: పక్కామెకు పనిచేసిన మాత్ర మీరు వేసుకోకండి. అండం కోసం ఇచ్చే మాత్రలు డాక్టరు చూసి ఇవ్వవలసినవి.

మనసు మరీ కుంగితే 14416 నంబరుకు ఫోను చేయండి. అది టెలి మానస్, ఉచితం. పిల్లలు కాలేదని కొట్టినా, వెళ్ళగొడతామన్నా, మరొక పెండ్లి అన్నా 181 కి చేయండి. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం భార్య ఉండగా రెండో పెండ్లి చెల్లదు.

మందులతో కాకపోతే

పరీక్షనాళిక శిశువు మాట మీరు వినే ఉంటారు. మొదటి బిడ్డ 1978 జూలై 25 న ఇంగ్లాండులో పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3 న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశంలో పుట్టింది. 1986 ఆగస్టు 6 న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ ఇందిరా హిందుజా చేతుల మీదుగా మరొక పాప పుట్టింది. తెలంగాణలో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం 2023 లో ప్రారంభమైంది. ప్రైవేటుగా పోయేవారు 2021 చట్టం కింద రిజిస్ట్రేషను ఉన్నదా అని అడగాలి. ఆ చట్టం ప్రకారం ఆమెకు 21 నుండి 50, భర్తకు 21 నుండి 55 ఏండ్ల లోపు ఉండాలి. ఒక్కసారికే ఫలిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇచ్చారంటే అనుమానించండి. భూమి అమ్మే ముందు రెండో డాక్టరును అడగండి.

పెంచుకోవాలనుకునేవారు జిల్లా బాలల సంరక్షణ అధికారి ద్వారానే తీసుకోవాలి. దళారి ద్వారా తెచ్చుకుంటే కేసవుతుంది, బిడ్డా దక్కదు.

వచ్చేటప్పుడు గత ఆరు నెలల బహిష్టు తేదీలు ఒక కాగితం మీద రాసుకొని రండి. పాత చీటీలు, స్కానింగు కాగితాలు, వాడిన మాత్రల ఖాళీ పట్టీలు సంచిలో వేసుకోండి. భర్త దుబాయిలోనో బొంబాయిలోనో ఉంటే, ఆయన వచ్చే తేదీ ముందుగానే నర్సమ్మకు చెప్పి ఉంచండి. ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఆయన పరీక్ష అయిపోతే, మిగిలిన రోజులు వృథా కావు.