పాలు పోయని పదిహేను రోజులు

పిల్లలూ! మస్కట్‌లో కిరాణా కొట్టుకు వెళ్ళినప్పుడు అమూల్ అని రాసి ఉన్న వెన్న పెట్టెనో, నేతి డబ్బానో మీరు చూసే ఉంటారు. ఆ పేరు వెనుక గుజరాత్ పాలరైతులు ఉన్నారు. వారిని ఒక్కతాటిపై నిలిపిన పెద్దమనిషి త్రిభువన్‌దాస్ పటేల్. ఆయన 1903 అక్టోబరు 22న ఆనంద్‌లో జన్మించారు. గాంధీజీ పిలుపు విని స్వాతంత్ర్య పోరాటంలో దిగి, పలుమార్లు జైలుకు వెళ్ళారు.

ఆనంద్ ఉన్న ఖేడా జిల్లాలో ఎందరో రైతులకు గేదె పాలే చేతిఖర్చు. కాని పాలు నిలవ ఉండే సరుకు కాదు. ఎండ ముదిరేలోగా అమ్ముడుపోకపోతే విరిగిపోతాయి. ఈ సంగతి దళారులకు బాగా తెలుసు. 1945లో బొంబాయి ప్రభుత్వం నగరానికి పాలు తెప్పించే ఏర్పాటు చేసినప్పుడు, ఇక్కడి పాలు సేకరించే హక్కు పోల్సన్ అనే ఒక్క కంపెనీకే దక్కింది. కొనేవాడు ఒక్కడే అయితే ధర ఎవరు నిర్ణయిస్తారు? మీరే ఆలోచించండి.

రైతులు సర్దార్ పటేల్‌ను కలిశారు. సంఘంగా ఏర్పడి మీ పాలు మీరే అమ్ముకోండి అని ఆయన సలహా చెప్పారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయి సమక్షంలో సభ జరిగింది. ప్రభుత్వం సంఘం పాలే కొనాలి, లేకుంటే కంపెనీకి చుక్క పాలు పోయరాదు అని తీర్మానించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. సమ్మె మొదలైంది.

పదిహేను రోజులు అనడం తేలికే. గేదె సమ్మె చేయదు కదా! రెండు పూటలా పాలు ఇస్తూనే ఉంటుంది. గడ్డి, దాణా ఖర్చు తప్పదు. ఇంటికి రావలసిన డబ్బు మాత్రం రాదు. అటువంటి రోజుల్లో త్రిభువన్‌దాస్ ఊరూరా నడిచి రైతులకు ధైర్యం చెప్పారు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చింది.

1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం రిజిస్టరు అయింది. ఆయనే అధ్యక్షులు. 1948లో బొంబాయికి పాలు పంపడం మొదలుపెట్టినప్పుడు ఉన్నవి రెండు గ్రామ సంఘాలే. వచ్చే పాలు రోజుకు సుమారు 250 లీటర్లు! పాలు పోసేవారు ఏ కులంవారైనా ఒకే వరుసలో నిలబడాలి. వెన్నశాతం చూసి ధర కట్టేవారు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు, మీ అమ్మమ్మగారి ఊళ్ళో పాలకేంద్రం ఉంటే అక్కడ ధర ఎలా కడుతున్నారో అడిగి చూడండి.

1949లో వర్గీస్ కురియన్ అనే యువ ఇంజనీరు ప్రభుత్వ ఉద్యోగంపై ఆనంద్ వచ్చారు. ఎప్పుడెప్పుడు వెళ్ళిపోదామా అని ఎదురుచూస్తున్న ఆయనను, పాత యంత్రాలు బాగుచేసి పెట్టమని త్రిభువన్‌దాస్ ఆపారు. కురియన్ ఇక వెళ్ళనే లేదు. యంత్రాల సంగతి కురియన్‌ది, రైతుల నమ్మకం నిలబెట్టడం త్రిభువన్‌దాస్‌ది. 1955లో గేదె పాలతో పాలపొడి చేసే కర్మాగారం అక్కడ వెలిసింది. 1963లో వీరిద్దరికీ, దారా ఖురోడీకీ కలిపి మెగసెసే పురస్కారం లభించింది.

1970లలో త్రిభువన్‌దాస్ పదవి విడిచినప్పుడు గ్రామ సంఘాల సభ్యులు ఆరు లక్షల రూపాయలు పోగుచేసి ఆయన చేతిలో పెట్టారు. ఆ సొమ్ము ఆయన ఇంటికి తీసుకుపోలేదు. దానితో పల్లెల్లోని తల్లుల, పసిబిడ్డల ఆరోగ్యం కోసం ఒక సంస్థ నెలకొల్పారు. 1994 జూన్ 3న ఆయన కన్నుమూశారు.