సూది మొన, వజూ కుళాయి: బలానికీ పీడనానికీ తేడా
(ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు)

మన సొసైటీ సాయంత్రం ట్యూషన్ తరగతిలో పిల్లలను "పీడనం అంటే ఏమిటి?" అని అడిగాం. "ప్రమాణ వైశాల్యంపై లంబంగా పనిచేసే బలం" అని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. ఒక్క మాట తప్పు పోలేదు. మళ్లీ అడిగాం: "మసీదు మేడ మీద కుళాయిలో నీళ్లు సన్నగా వస్తాయి. కింద వజూఖానాలో జోరుగా వస్తాయి. ఎందుకు?" తరగతి అంతా మౌనం. చివరికి ఒకబ్బాయి, "కింద నీళ్లు ఎక్కువ ఉంటాయి సార్" అన్నాడు.

తప్పు పిల్లలది కాదు. నిర్వచనం నోటికి రాగానే పాఠం అయిపోయిందని మేమే అనుకున్నాం. ఇలాంటి పాఠాల దగ్గర తడబడిన పిల్లలు పదో తరగతి తర్వాత "సైన్స్ మా వల్ల కాదు" అని తప్పుకోవడం మేము చూశాం. అందుకే ఈ పాఠాన్ని ఇంట్లో ఉన్న వస్తువులతో మళ్లీ చెబుతున్నాం.

బలం

నెట్టడం లేదా లాగడమే బలం. తలుపు నెట్టినా, బావిలో చేద లాగినా, చపాతీ పిండి ఒత్తినా బలం ప్రయోగించినట్టే. బలం ఆగిన వస్తువును కదిలించగలదు, కదిలేదాన్ని ఆపగలదు, దిశను గానీ ఆకారాన్ని గానీ మార్చగలదు. దీన్ని న్యూటన్లలో కొలుస్తాం. 1 కిలో వస్తువును భూమి సుమారు 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంది. లెక్క తేలిక కోసం 10 అనుకుందాం. అప్పుడు 40 కిలోల విద్యార్థి బరువు 400 న్యూటన్లు.

పీడనం

ఆ బలం ఎంత చోటు మీద పడుతోంది? ఈ ప్రశ్నకు జవాబే పీడనం. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుంది. చదరపు మీటరుకు 1 న్యూటన్ అయితే 1 పాస్కల్.

ఆ విద్యార్థి రెండు పాదాల వైశాల్యం 0.02 చదరపు మీటర్లు అనుకుందాం. నిలబడితే నేల మీద పీడనం 20,000 పాస్కల్స్. ఒంటికాలి మీద నిలబడితే 40,000. బరువు పెరగలేదు, చోటు తగ్గింది. అంతే తేడా.

ఈ మాట చెప్పగానే ఒక అమ్మాయి, "మా అమ్మీ కుట్టేటప్పుడు వేలికి అంగుస్తానా తొడుక్కునేది ఇందుకేనా సార్?" అంది. మేము ఇచ్చిన ఉదాహరణలన్నిటి కన్నా ఆ ప్రశ్నే మంచి పాఠం. సూదిని 5 న్యూటన్ల బలంతో నెట్టారనుకోండి. మొన వైశాల్యం 0.01 చదరపు మిల్లీమీటరు అయితే గుడ్డ మీద పీడనం 50 కోట్ల పాస్కల్స్, అందుకే సూది దిగుతుంది. సూది వెనక కొన కూడా సన్ననిదే, వేలికి గుచ్చుకుంటుంది. అంగుస్తానా ఆ బలాన్ని 1 చదరపు సెంటీమీటరు మేర పరిస్తే వేలి మీద పడేది 50,000 పాస్కల్స్ మాత్రమే. బలం ఒకటే, పీడనంలో పది వేల రెట్ల తేడా.

నీటి పీడనం

ఇప్పుడు వజూ కుళాయి సంగతి. ట్యాంకులో నీటి మట్టానికి కుళాయి ఎంత కిందికి ఉంటే పీడనం అంత ఎక్కువ. ప్రతి మీటరు లోతుకు సుమారు 10,000 పాస్కల్స్ పెరుగుతుంది. మేడ మీది కుళాయి 2 మీటర్ల కింద ఉంటే 20,000, వజూఖానాలోది 5 మీటర్ల కింద ఉంటే 50,000. ట్యాంకు వెయ్యి లీటర్లదా, ఐదు వేల లీటర్లదా అన్నది లెక్కలోకి రాదు, నీటి ఎత్తే ముఖ్యం. నాగార్జునసాగర్ వంటి ఆనకట్టలను అడుగున మందంగా కట్టడానికి ఇదొక కారణం.

గాలి పీడనం

గాలి కూడా మనల్ని ఒత్తుతోంది. సముద్ర మట్టం దగ్గర ఇది సుమారు 1,01,325 పాస్కల్స్. అంటే గోరంత చోటు మీద, 1 చదరపు సెంటీమీటరుకు, దాదాపు కిలో బరువు. శరీరం లోపలి నుంచి కూడా అంతే ఒత్తిడి ఉండడం వల్ల మనకు తెలియదు. 1643లో ఇటలీలో టోరిసెల్లి పాదరస గొట్టంతో దీన్ని చూపించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదులో బనూ మూసా సోదరులు నీటి, గాలి పీడనాలతో పనిచేసే యంత్రాల గురించి గ్రంథం రాశారు. గొప్పలకు కాదు, ఈ చదువు మనకు పరాయిది కాదని పిల్లలకు తెలియాలని చెబుతున్నాం.

ఇంట్లో చేసి చూడండి

ప్లాస్టిక్ సీసాకు పైన, మధ్యలో, అడుగున ఒకే సైజు రంధ్రాలు చేసి, నీళ్లు నింపి మూత తీసి ఉంచండి. దాన్ని ఎత్తయిన పిట్టగోడ అంచున పెట్టండి. అడుగు ధార అన్నిటికన్నా దూరం పడుతుంది. నేల మీదే పెడితే అడుగు ధారకు పడేందుకు ఎత్తు ఉండదు కనుక దగ్గరలోనే పడిపోతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఆలోచించండి

1. బస్తా మోసే కూలీ తలమీద గుడ్డ చుట్ట ఎందుకు పెట్టుకుంటాడు?
2. మొద్దుబారిన కత్తితో ఉల్లిపాయ కోయాలంటే ఎక్కువ బలం ఎందుకు కావాలి?
3. స్కూలు బ్యాగుకు వెడల్పు పట్టీలు ఎందుకు?

తల్లిదండ్రులకు ఒక్క మనవి. "సైన్స్ మాకేం తెలుసు" అనకండి. సూది, కత్తి, నీళ్ల ట్యాంకు మీకు తెలుసు. రాత్రి భోజనాల దగ్గర ఈ మూడు ప్రశ్నలూ పిల్లలను అడగండి. జవాబు తప్పయినా సరే, వారిని మాట్లాడనివ్వండి. అంగుస్తానా గురించి అడిగిన ఆ అమ్మాయి మర్నాడు దాన్ని తెచ్చి తరగతి అందరికీ తానే వివరించింది. అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన ఇల్మ్ ప్రసాదించుగాక. ఆమీన్.