వృద్ధాప్యంలో మనోవ్యాధి



"దేవుడు నన్నెప్పుడు తీసుకుపోతాడో!" అనే మాట మన పెద్దల నోట తరచు వింటాం. కొందరికది ప్రార్థన. మరికొందరికది జబ్బు లక్షణం. ఆ తేడా గమనించక "ముసలితనం గదా, ఇంతే" అనుకోవడమే ప్రమాదం.

ఈ జబ్బును వైద్యులు డిప్రెషన్ అంటారు, అంటే మనసు కుంగిపోవడం. 2017-18లో దేశమంతటా జరిగిన 'లాసి' సర్వేలో 60 ఏళ్లు దాటిన ప్రతి వందమందిలో సుమారు 8 మందిలో ఈ లక్షణాలు కనిపించాయి. డాక్టరు జబ్బును గుర్తించినట్లు చెప్పినవారు మాత్రం వందకు ఒక్కరు కూడా లేరు.

ఇది ఎవరికి ఎక్కువగా వస్తుంది?

1. భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారికి.

2. ఒంటరిగా మిగిలినవారికి. మన కొడకండ్ల ప్రాంతం నుండి నేతపని కోసం సూరత్, భీవండి, షోలాపూర్ వెళ్లిన కుటుంబాలెన్నో. ఇంటికి కావలి పెద్దలే.

3. షుగరు, గుండెజబ్బు, పక్షవాతం వంటివి ఉన్నవారికి. చూపు, వినికిడి తగ్గినవారికి. చెవులు వినపడనివారు నలుగురిలో కూర్చున్నా ఒంటరివారే.

4. చేతిలో పని, సంపాదన, ఇంట్లో మాట చెల్లుబాటు పోయినవారికి.

5. ఇదివరకే ఈ జబ్బు వచ్చినవారికి, తాగుడు అలవాటున్నవారికి.

పెద్దలు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. ఒళ్లు నొప్పులంటారు, అన్నం సయించదంటారు. నిద్ర పట్టదు, మతిమరుపు వస్తుంది, పూజకు రావడం మానేస్తారు. ఇలా రెండు వారాలు సాగితే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం కూడా ఇలాగే కనిపించవచ్చు గనుక రక్తపరీక్ష అవసరం. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది; మధ్యలో మానరాదు. "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని నెమ్మదిగా అడగండి. అడిగినందువల్ల ఆ తలంపు పుట్టదు; మనసులో భారం దిగుతుంది. 2022లో ప్రారంభమైన టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

ఇది విశ్వాసలోపమా? కాదు. ఏలియా ప్రవక్త అంతటివాడు చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవదూత ఆయనను మందలించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారీ వచ్చి తినిపించాడు. ఆ రెండోసారే ప్రయాణం గురించి మాట్లాడాడు.

దూరాన ఉన్న బిడ్డలారా, డబ్బు పంపినరోజే గాక మిగతా రోజుల్లోనూ ఫోన్ చేయండి. ఊళ్లో ఉన్నవారలారా, ఈ ఆదివారం పూజలో కనిపించని పెద్దల ఇంటి తలుపు తట్టండి. "అన్నం తిన్నావా అవ్వా?" అన్న మాటతో మొదలుపెట్టండి.