కప్పు సరే, కెటిల్ ఏదీ?

రా చెల్లీ, ఇలా కూర్చో. ముందు టీ తాగు, చల్లారిపోతోంది. హాస్టల్లో డేట్ వచ్చిన రోజు ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఒకపక్క నడుంనొప్పి, ఒకపక్క పొద్దున్నే ల్యాబ్. బాత్రూమ్ మూలన చూస్తే నిండిపోయిన చెత్తబుట్ట. పేపర్లో చుట్టిన ప్యాడ్ దాని మీదే పెట్టి, చూడనట్టు బయటికొచ్చేస్తాం. నెలకి పది చొప్పున వేసుకున్నా నాలుగేళ్ల బీటెక్‌లో ఒక్క పిల్ల 480 ప్యాడ్లు పారేస్తుంది. వాటిలోని ప్లాస్టిక్ మన మనవరాళ్ల కాలానికీ మట్టిలో కలవదు.

"ప్యాడ్లకి బదులు మెన్‌స్ట్రువల్ కప్పు కొనాలనే ఉందక్కా, భయమేస్తోంది" అంటావు. అదేమీ బ్రహ్మవిద్య కాదమ్మా, మెత్తటి సిలికాన్ గిన్నె. మడిచి లోపల పెట్టుకుంటే విచ్చుకుని రక్తాన్ని పట్టుకుంటుంది. లోపలెక్కడికో పోతుందేమోనన్న బెంగ వద్దు, పైన గర్భసంచి ముఖద్వారం ఉంది, దాన్ని దాటి పోలేదు. పన్నెండు గంటలు దాటకుండా చేతులు శుభ్రంగా కడుక్కుని తీసి, ఒంపేసి, కడిగి మళ్లీ పెట్టుకోవడమే. మూడు నాలుగు వందలకి వస్తుంది, బాగా చూసుకుంటే పదేళ్ల వరకూ ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు కాస్త తిప్పలు తప్పవు. ఒకసారి సరిగ్గా కూర్చోదు, ఇంకోసారి కారుతుంది. అందుకే సెలవుల్లో ఇంట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టు, పరీక్షల వారంలో మాత్రం వద్దు.

"పెళ్లి కాని పిల్లవి, ఇవేం పనులే" అని అమ్మ కంగారుపడుతోందా? కన్నెపొరకి సాగే గుణం ఉంటుందనీ, దాన్ని చూసి ఎవరి సంగతీ తేల్చలేమనీ డాక్టర్లే చెబుతారు. అమ్మని కసురుకోకు, కూర్చోబెట్టి చెప్పు. అయినా నీకే మనసొప్పకపోతే కప్పు మానెయ్. క్లాత్ ప్యాడ్ ఉంది కదా.

ఇదిగో, ఇక్కడే నా గుండెలో ముల్లు ఒకటుంది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డలే వాడేదాన్ని. మేడ మీదికి తాళం వేసేవారు. చేసేది లేక బీరువా వెనక తాడు కట్టి, గుడ్డ మీద చున్నీ కప్పి ఆరేసేదాన్ని. రెండు రోజులైనా అంచుల్లో చెమ్మ పోయేది కాదు. ముక్కిపోయిన వాసన, ఆ తర్వాత దురద. గుడ్డ మంచిది కాదనుకున్నాను చాలాకాలం. గుడ్డకేం తల్లీ, దానికి ఎండ లేదు.

అందుకే చెబుతున్నా. కప్పో, క్లాత్ ప్యాడో చేతిలో పెట్టి "అందరికీ అందించేశాం" అంటే సరిపోతుందా? నెలసరికి ముందూ తర్వాతా కప్పుని ఐదు నిమిషాలు మరిగించాలి. చాలా హాస్టళ్లలో గదిలో కెటిల్ పెట్టుకోనివ్వరు. మరి ఎక్కడ మరిగిస్తాం? మెస్‌లో వంటవాళ్లని గిన్నె అడుగుతామా?

మన దేశంలోనే కేరళలో, 2019లో అలప్పుళ మునిసిపాలిటీ 'తింగళ్' అనే పథకం కింద 5000 కప్పులు ఉచితంగా పంచింది. స్కాట్లండ్‌లోనైతే 2022 ఆగస్టు నుంచి విశ్వవిద్యాలయాలు నెలసరి సామాన్లు ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. మన దగ్గర మాత్రం, ఇచ్చేదాకా ఆగకుండా మనమే అడుగుదాం.

వార్డెన్ మేడమ్ దగ్గరికి ఒక్కదానివే వెళ్లకు, గదికొకరు చొప్పున వెళ్లండి. ఆవిడా ఆడమనిషే, ఈ బాధలు పడే వచ్చింది, మనసు విప్పి చెబితే వింటుంది. నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసివ్వండి. అంతస్తుకొక కెటిల్ పెట్టమనండి, అది దీనికే ఉండాలి. మేడ మీద ఒక పక్క ఎండ తగిలేలా దండెం కట్టించి, పగలు తాళం తీసి ఉంచమనండి. ప్రతి టాయిలెట్ లోపలా కుళాయి, మగ్గు, గట్టి గడియ ఉండాలి. కప్పు కడగడానికి మధ్యలో బయటికి రావలసి వస్తే ఎవరు వాడతారు చెప్పు? ఏడాదికోసారి లేడీ డాక్టర్ని పిలిపిస్తే, సైజు ఎలా ఎంచుకోవాలో, ఎవరు వాడకూడదో తేటగా చెబుతుంది. కొనలేని పిల్లలకి కాలేజీ ఫండ్ నుంచి ఇప్పించమని కూడా రాయండి, కానీ పేర్లు బోర్డు మీద పెట్టొద్దనండి.

ఇంకో కప్పు టీ పోయనా? పెన్ను అందుకో మరి, మొదటి లైను ఇప్పుడే రాసేద్దాం. పైన ముందు దండెం సంగతి రాయి.